ప్రార్థనా దినమునకు రాజముద్ర



గత ఏకాదశినాడు అంబరీషోపాఖ్యానములో దూర్వాస మహర్షిని సుదర్శన చక్రము తరుముచుండగా మన ఉపన్యాసమును ఆపినాము. ఈ సాయంకాలము అక్కడినుండి ఎత్తుకొనవలసి ఉన్నది. కాని మహర్షి మరొక పక్షము దినములు పరుగెత్తక తప్పదు. ఆయన కథకంటె ముందుగా మీతో ఒక మాట తేల్చుకొనవలసిన అవసరము వచ్చినది.

మన ఆలయ కార్యాలయములో బల్లమీద పది దినములుగా ఒక వినతిపత్రము ఉన్నది. మీలో చాలమంది చూచినారు. నూరుమందికి పైగా సంతకములు కూడ చేసినారు. సంవత్సరమునకు ఒక దినమును ప్రభుత్వము ప్రార్థనా దినముగా అధికారికముగా ప్రకటింపవలెననియు, ఆనాడు దేశమంతట సామూహిక ప్రార్థనలు జరుగునట్లు ఉత్తర్వులీయవలెననియు దాని సారాంశము. అమెరికాలో కుమారుని వద్ద ఆరు మాసములుండి వచ్చిన ఒక పెద్ద దానిని వ్రాసి తెచ్చినారు. వారు మాకు ముప్పది ఏండ్లుగా ఆప్తులు. ఇప్పుడును ముందు వరుసలోనే కూర్చున్నారు. "ఆ దేశములో ప్రార్థనకు చట్టమే ఉన్నదండీ. దేశాధ్యక్షుడు ఏటేట ప్రకటన చేయుచున్నాడు. వేదభూమి అని చెప్పుకొను మన దేశములో ఆపాటి గుర్తింపు ఎందుకుండరాదు?" అని వారి ప్రశ్న. అడుగదగిన ప్రశ్నయే. పత్రమునకు అగ్రభాగమున మా సంతకము కొరకు జాగా విడిచిపెట్టినారు. ఆ జాగా ఇంకను ఖాళీగానే ఉన్నది. కారణము చెప్పకుండ మౌనము వహించుట మర్యాద కాదు గనుక ఈ ప్రసంగము.

వారు చెప్పిన చట్టము ఉన్నమాట నిజము. దాని చరిత్ర కొంత పొడవైనదే. 1775లో, ఇంకను స్వాతంత్ర్య ప్రకటనయైనను జరుగకముందు, ఆంగ్లేయులతో పోరు మొదలైన తరుణమున అక్కడి ప్రతినిధుల సభ జూలై 20వ తేదీని ఉపవాసములకు, ప్రార్థనకు నియమించినది. దేశము ఏర్పడిన పిదప వాషింగ్టన్ మొదలగు అధ్యక్షులు అట్టి ప్రకటనలు చేసినారు. మూడవ అధ్యక్షుడు జెఫర్సన్ మాత్రము తన ఎనిమిదేండ్ల పాలనలో అట్టిది ఒక్కటియు చేయలేదు. ఎందుకని అడిగిన ఒక మతాచార్యునకు 1808లో ఆయన ఉత్తరము వ్రాసినాడు. ఉపవాసము, ప్రార్థన మతకర్మలు. వాటికి కాలనిర్ణయము చేసికొను హక్కు ఆ మతసమాజమునకే ఉన్నది గాని ప్రభుత్వమునకు లేదు అని దాని భావము. కాలనిర్ణయము ఎవరిది అన్న ప్రశ్నను అంత సూటిగా పట్టుకొన్నందుకు ఆయనను మన ధర్మశాస్త్ర పండితుల సరసన కూర్చుండబెట్టవచ్చునని మాకు అనిపించినది. ఆయన తరువాత వచ్చిన మాడిసన్ యుద్ధకాలమున ప్రార్థనా దినములను ప్రకటించి, వార్ధక్యమున అది తగని పని అని వ్రాసికొన్నాడు.

ఆ దేశములో అంతర్యుద్ధము జరుగుచుండగా 1863 ఏప్రిల్ 30వ తేదీని లింకన్ జాతీయ ఉపవాస ప్రార్థనా దినముగా ప్రకటించినాడు. రెండేండ్లకు, 1865 మార్చిలో, రెండవసారి ప్రమాణ స్వీకారము చేయునప్పుడు ఆయన అన్న మాటను మీరు గమనింపవలెను. ఇరుపక్షములవారును ఒకే గ్రంథమును చదువుచున్నారు, ఒకే దేవుని ప్రార్థించుచున్నారు, ఒకరికి వ్యతిరేకముగా మరొకరు ఆ దేవుని సాయమునే కోరుచున్నారు. ఎవరి ప్రార్థనయు పూర్తిగా నెరవేరలేదు అని ఆయన భావము. స్వయముగా ప్రార్థనా దినమును ప్రకటించిన పాలకుడు, గెలుపు చేతికి అందబోవు వేళ, ఈ మాట చెప్పినాడు. ప్రకటనకంటె ఈ మాట ప్రార్థనకు దగ్గరగా ఉన్నదని మా అభిప్రాయము.

ఇప్పటి చట్టము 1952 నాటిది. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో బిల్లీ గ్రాహం అను ప్రసిద్ధ క్రైస్తవ ప్రచారకుడు రాజధానిలో సభలు జరిపి, అట్టి దినము కావలెనని కోరినాడు. ఏప్రిల్ 17న అధ్యక్షుడు ట్రూమన్ చట్టముపై సంతకము చేసినాడు. 1988లో రీగన్ కాలమున దానిని సవరించి మే మాసపు మొదటి గురువారముగా స్థిరపరచినారు. చర్చిలలోగాని, సమూహములుగా గాని, ఎవరికి వారుగా గాని ప్రజలు దేవుని వైపు మరలవచ్చునని ఆ చట్టము చెప్పుచున్నది. గుడి, మసీదు అను మాటలు అందులో లేవు. సమూహములు అన్న మాటలో మనలను చేర్చుకొనవచ్చును, ఎవరును కాదనరు. అయినను ఇంటి పెద్ద పేరు శుభలేఖమీద వ్రాసి, మిగిలినవారిని బంధుమిత్రులు అన్న మాటలో కలిపినట్లున్నది.

తరువాత ఏమైనది? 2010 ఏప్రిల్‌లో విస్కాన్సిన్‌లోని ఒక న్యాయస్థానము ఆ చట్టము రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినది. మరుసటి సంవత్సరమే పై న్యాయస్థానము ఆ తీర్పును రద్దు చేసినది. ప్రార్థనా దినము మంచిదనియు చెప్పలేదు, చెడ్డదనియు చెప్పలేదు. దావా వేసినవారికి దావా వేయు అర్హత లేదన్నది. ప్రార్థన వకీళ్ల చేతిలో పడినచో ఇట్లే ఉండును.

ఆ దేశములోనే జరిగిన మరి రెండు సంగతులు మన పెద్దలకు తెలిసే ఉండును. 2000 సెప్టెంబరు 14న, నాటి మన ప్రధాని వాజ్‌పేయి గారు అక్కడి ఉభయసభల నుద్దేశించి ప్రసంగించిన దినముననే, ఓహియో రాష్ట్రములోని పార్మా నగరపు శివవిష్ణు ఆలయ అర్చకులొకరు ప్రతినిధుల సభను ప్రార్థనతో ప్రారంభించినారు. హిందూ అర్చకునికి ఆ గౌరవము దక్కుట అదే తొలిసారి. మనమందరము సంతోషించినాము. 2007 జూలై 12న సెనేటులో రాజన్ జెద్ గారు ప్రారంభ ప్రార్థన చేయుటకు లేచినప్పుడు, సందర్శకుల వసారానుండి ముగ్గురు అరచినారు. ఇది అపచారము, క్షమించుము దేవా అని వారి దేవునికే మొరపెట్టుకొన్నారు. రక్షకభటులు వారిని పట్టుకొనిపోయినారు. అప్పుడు ప్రార్థన సాగినది.

ఇక్కడ ఒక్క క్షణము ఆగుదము. ఆ ముగ్గురు నాస్తికులు కారు, ప్రార్థన వద్దన్నవారును కారు. ప్రభుత్వ సభలో ప్రార్థన ఉండవలెను, అది మా ప్రార్థనయే కావలెను అన్నవారు. ఆ ఉదయము మన ప్రార్థనను కాపాడినది ఏది? అక్కడ ఎక్కువమంది కొలుచు దేవునికి రాజముద్ర ఉన్నందువలన కాదు. ఎవరి దేవుని వారు కొలుచుకొనవచ్చును, ఆ వేళ ఆ మనిషిని కదలించరాదు అన్న నియమము వలన. మన పెద్దల కుమారుడు, కోడలు, మనుమలు ఆ నియమపు నీడలో ఉన్నారు. అక్కడ వారి కొరకు మనము ఏ న్యాయము కోరుచున్నామో, ఇక్కడ మనతో నివసించు ఇతర మతస్థులకు దానికి తక్కువైనది ఈయలేము. పత్రములో అన్ని మతములవారును తమ తమ పద్ధతిని ప్రార్థింపవచ్చునని వ్రాసినారు, నిజమే. వ్రాసినవారి మనస్సు మంచిది. కాని ఉత్తర్వు వెళ్లినచోట ఏ పద్ధతి ముందు, ఏది వెనుక, ఎవరు రాలేదు అను లెక్క వచ్చి తీరును. ప్రభుత్వ కార్యాలయములో హాజరుపట్టిక లేకుండ ఏ పని జరిగినది?

రాజముద్ర పడిన ప్రార్థనను మన దేశము ఒకసారి చవిచూచినది. చేసినవారు మనము కాము. అది మన మీద చేసినది. 1857లో ఇక్కడ సిపాయిల తిరుగుబాటు చెలరేగగా, విక్టోరియా రాణి ప్రకటన వెలువరించి అక్టోబరు 7వ తేదీని బ్రిటన్‌లో ఉపవాస ప్రార్థనా దినముగా నియమించినది. ఆ బుధవారము చర్చిలు నిండినవి. లండన్‌లోని స్ఫటిక భవనములో స్పర్జన్ అను బోధకుని ప్రసంగము వినుటకు 23,654 మంది వచ్చినట్లు లెక్కపెట్టినారు. హిందూదేశములో చనిపోయిన తమ బిడ్డల కొరకు ఏడ్చిన తల్లులు వారిలో ఉండియుందురు. ఆ కన్నీటిని మేము తక్కువ చేయము. కాని రాజ్యము ఆ దినమును నియమించినది తన సైన్యము గెలుచుటకు. ఢిల్లీ అప్పటికే, సెప్టెంబరు మూడవ వారములోనే, వారి చేత చిక్కినది. ఆ వార్త ఇంకను ఓడమీద ఉన్నది. ఢిల్లీ వీధులలో ఏమి జరిగినదో మీకు వేరుగా చెప్పనవసరము లేదు. ఆ వీధులలో ఇల్లిల్లును ఏ దేవుని పిలిచినదో ఆ దేవుడే లండన్‌లోని పిలుపును వినవలసి వచ్చినది.

అరువది రెండేండ్లకు మరొక ప్రార్థనా దినము వచ్చినది. దానిని ఏ రాణియు ప్రకటింపలేదు. 1919 మార్చిలో గాంధీమహాత్ముడు మద్రాసులో ఉన్నప్పుడు, రౌలట్ చట్టమునకు ఎట్లు బదులీయవలెనని ఆలోచించుచు నిద్రించి, తెల్లవారుజామున మగతలో ఆయనకు ఒక తలపు కలిగినది. దేశమంతయు ఒక దినము పనులు మాని, ఉపవసించి, ప్రార్థింపవలెనని. దానిని రాజాజీకి చెప్పినారు. మొదట మార్చి 30 అని, పిదప ఏప్రిల్ 6 అని నిర్ణయించినారు. మార్పు తెలియక ఢిల్లీ ముందుగానే పాటించినది, అక్కడ తుపాకులు ప్రేలినవి. ఏప్రిల్ 6న ఊరూర అంగళ్లు మూతపడినవి. స్నానములు, ఉపవాసములు, ఊరేగింపులు జరిగినవి. హిందువులు, మహమ్మదీయులు కలిసి నడిచినారు. ఏప్రిల్ 4ననే స్వామి శ్రద్ధానందులు ఢిల్లీ జుమ్మా మసీదులో వేదికనెక్కి ప్రసంగించినారు. కాషాయము ధరించిన ఆర్యసమాజ సన్న్యాసి! మరి ఏ సర్కారు ఉత్తర్వును ఆ పని చేయించలేకపోవునని మా నమ్మకము. ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగు జరిగినది. ప్రార్థన చేసినవారికి కష్టము తప్పలేదు. అయినను ఆ దినమును ఎవరును మరువలేదు.

స్వరాజ్యము వచ్చిన పిదప ఈ వినతిపత్రము వంటిదే ఒకటి రాజ్యాంగ సభకు వెళ్లినది. 1949 అక్టోబరు 17న, ప్రవేశిక చర్చకు వచ్చినప్పుడు, దానిని దేవుని పేరిట ప్రారంభింపవలెనని హెచ్.వి.కామత్ గారు సవరణ ప్రతిపాదించినారు. వెంటనే ఏమి జరిగినదో వినుడు. అస్సాము నుండి వచ్చిన రోహిణీకుమార్ చౌధురి గారు లేచి, మేము కామాఖ్యాదేవిని కొలుచు శాక్తేయులము, దేవుడు అని మాత్రమే వ్రాసి దేవిని విడిచిపెట్టుదురా అని అడిగినారు. హృదయనాథ్ కుంజ్రూ గారు, విశ్వాస స్వేచ్ఛను వాగ్దానము చేయు ప్రవేశికలోనే ఒక విశ్వాసమును అందరి చేత పలికించుట ఎట్లు పొసగునన్నారు. పూర్ణిమా బెనర్జీ గారు, దేవునిమీద ఓటు వేయవలసిన ఇబ్బందిలోనికి మమ్ములను నెట్టవలదని వేడుకొన్నారు. అధ్యక్షస్థానములో ఉన్న రాజేంద్రప్రసాద్ గారు పరమభక్తులు. నిత్యపూజ మానని మనిషి. కామత్ గారు వినలేదు. ఓట్లు లెక్కించినారు. దేవునికి 41, వ్యతిరేకముగా 68.

ఆ 68 మందిని దైవద్రోహులని అనుకొన్న రోజులు మాకును ఉన్నవి. పడుచుతనములో ఆ మాట సభలలో కూడ అన్నాము. నేడు ఆ చర్చను తిరిగి చదివినప్పుడు, వారిలో పలువురు దేవుని ఓటునుండి కాపాడుటకు చేయి ఎత్తినారని తోచుచున్నది. ప్రమాణ స్వీకారమునందు దేవుని పేరిట ప్రమాణము చేయుటకును, అట్లుగాక ఆత్మసాక్షిగా చెప్పుటకును రెండు దారులను ఆ సభయే ఉంచినది. నచ్చినవారు దేవుని పేరు చెప్పుదురు. ఆ పేరు వారి నోటినుండి వచ్చినది గనుక దానికి విలువ.

ఇంతవరకు చెప్పినది లౌకిక చరిత్ర. "మన రాజులు ఇట్టి దినములను శాసింపలేదా? రుక్మాంగదుని మాట ఏమి?" అని మీలో శాస్త్రము చదివినవారు అడుగవచ్చును. మంచి ప్రశ్న. వినతిపత్రమునకు పురాణములలో ఇంతకంటె బలమైన సాక్ష్యము లేదు. దాచి లాభము లేదు.

నారద పురాణములోని కథ అది. ప్రౌఢకవి మల్లన దానిని తెలుగున కావ్యముగా రచించినాడు. రుక్మాంగద మహారాజు దశమినాడు ఏనుగుమీద భేరి మ్రోగించి చాటించెడివాడు: రేపు హరివాసరము, ఎనిమిదేండ్లు నిండిన పిల్లవాడు మొదలు వృద్ధుని వరకు ఎవడును అన్నము ముట్టరాదు, ముట్టినవాడు దండ్యుడు. దేశమంతయు ఉపవసించినది. ఫలముగా అందరును వైకుంఠమునకు వెళ్లసాగిరి. యమలోకము పాడుపడినది. చిత్రగుప్తునకు వ్రాయుటకు ఏమియు లేకపోయినది. యముడు దండమును తీసికొనిపోయి బ్రహ్మ ముందర పెట్టి, నాకీ ఉద్యోగము వద్దన్నాడు. భయము చేత ఉపవసించినవారికిని ఫలము దక్కినదని పురాణము స్పష్టముగా చెప్పుచున్నది. మేము దానిని తోసివేయము. నిప్పును తెలిసి ముట్టినను తెలియక ముట్టినను కాలునన్నట్లు, హరివాసరమునకు దాని శక్తి దానికున్నది.

కాని కథ భేరితో ముగిసినదా? బ్రహ్మ మోహినిని సృష్టించి పంపినాడు. రుక్మాంగదుడు ఆమె రూపమునకు వశుడై, ఏది కోరినను ఇచ్చెదనని కుడిచేయి చాచి మాట ఇచ్చినాడు. ఏకాదశి వచ్చినది. భేరి మ్రోగినది. మోహిని, నీవు నేడు నాతో భుజింపవలెనన్నది. రాజు వేడుకొన్నాడు. అయినచో నీ కుమారుడు ధర్మాంగదుని తల నీ చేతితో నరికి ఇమ్మన్నది. రాణి సంధ్యావళి సత్యమును తప్పవలదన్నది, కుమారుడు తలవంచినాడు, రాజు కత్తి ఎత్తినాడు. అప్పుడు శ్రీహరి ప్రత్యక్షమైనాడు.

పురాణములో భేరికి దక్కిన చోటు స్వల్పము. మిగిలినదంతయు ఆ ఒక్క మనిషి తన ఇంటిలో, తన పీటమీద, ఎవరును చూడని చోట ఆ దినమును నిలుపుకొన్నాడా లేదా అన్నదే. దేశమంతటి చేత ఉపవాసము చేయించిన రాజునకు తన ఉపవాసము నిలుపుకొనుటకు ఆ భేరి ఏమాత్రమును పనికిరాలేదు. పైగా, రుక్మాంగదుడు తాను పస్తుండి చాటింపు వేయించిన రాజు. నేటి ఉత్తర్వులమీద సంతకము చేయువారు ఆనాడు ఏమి భుజింతురో మనకు తెలియదు. ఈ మాట హాస్యమునకు అన్నది, ఏ పక్షమువారును నొచ్చుకొనవలదు.

మన సంకల్పమును చూడుడు. ప్రతి పూజకు ముందు పలుకునదే, అలవాటైపోయి ఎవరును చెవిపెట్టరు. కాలము చెప్పుదుము: మన్వంతరము, యుగము, సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము, నక్షత్రము. స్థలము చెప్పుదుము: ద్వీపము, వర్షము, ఖండము, శ్రీశైలమునకు ఏ దిక్కున ఉన్నామో, ఏ రెండు నదుల నడుమ ఉన్నామో. గోత్రము చెప్పుదుము, పేరు చెప్పుదుము, ఇంటిలోనివారిని కలుపుకొందుము. ఇంత విపులమైన చిరునామాలో పాలించువాడు ఎవడో లేదు. కొన్ని ప్రాంతములలో శాలివాహన శకమును పలుకుదురు. అది యేండ్ల లెక్క కొరకు. కాకతీయులు పోయినారు, రాయలు పోయినారు, నవాబులు, దొరలు పోయినారు. మన తాత చెప్పిన సంకల్పములో ఒక అక్షరము మార్చవలసిన పని రాలేదు. అమెరికాలోని మన పిల్లలు ద్వీపము పేరు, నదుల పేర్లు మార్చి అదే సంకల్పము చెప్పుకొనుచున్నారు. అక్కడి అధ్యక్షుని పేరు వారికి అక్కరకు రాలేదు.

పాలకునికి మన పూజలో చోటు లేదని మా భావము కాదు. ఉన్నది, చివర ఉన్నది. మంగళము పలుకునప్పుడు, ప్రజలకు శుభము కలుగవలెననియు, పాలకులు న్యాయమైన త్రోవను భూమిని ఏలవలెననియు కోరుచున్నాము. మన ప్రార్థన వారి కొరకు. అది వారి ఆజ్ఞ కొరకు కాచుకొని ఉండునది కాదు.

మరి ప్రభుత్వము చేయదగినది ఏమియు లేదా? చాల ఉన్నది. ఈ విషయమున మేము పత్రము వ్రాసిన పెద్దలకంటె ఎక్కువ అడుగుదుము.

వానలు లేనప్పుడు మన పల్లెలలో విరాటపర్వము చదివించెడివారు. తిక్కనగారి పద్యము వినిపించుచుండగా ఆకాశమువైపు చూచుచు కూర్చున్న రైతులను మేము చిన్ననాట ఎరుగుదుము. పిల్లలు కప్పను రోకలికి కట్టి ఇంటింట నీళ్లు పోయించుకొనెడివారు. ఎవరును ఉత్తర్వు అడుగలేదు. 2019 వేసవిలో వానలు జాగైనప్పుడు కర్ణాటక ప్రభుత్వపు దేవాదాయ శాఖ తన ఆలయములలో వర్షము కొరకు పూజలు జరుపవలెనని ఉత్తర్వు వెలువరించినది. వర్షార్థము చేయు జపము మంచిదే, అర్చకులు శ్రద్ధతోనే చేసియుందురు. అయితే రాజు పని ఏది? కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రుద్రేశ్వరాలయము, అనగా నేటి రామప్పగుడి, కట్టించినాడు. ఆ గుడితోపాటు చెరువును కట్టించినాడు. ఎనిమిది వందల యేండ్లకు పైబడియు ఆ చెరువు పొలములకు నీరిచ్చుచున్నది. సప్తసంతానములలో దేవాలయ నిర్మాణము, తటాక నిర్మాణము రెండును చేర్చిన పెద్దలకు ఈ సంగతి తెలియును. చెరువులో పూడిక తీయించిన పాలకుడు జపము చేయించినను చేయింపకున్నను మాకు సమ్మతమే. పూడిక తీయింపక జపము చేయించినచో సమ్మతము కాదు.

బతుకమ్మను 2014లో తెలంగాణ ప్రభుత్వము రాష్ట్రపు పండుగగా ప్రకటించినది. ఆ తల్లులు దానికి ముందును తంగేడు, గునుగు ఏరి తెచ్చి పేర్చినారు. ప్రకటన వలన సంతోషించినారు, సంతోషింపదగినదే. ఏండ్ల తరబడి చిన్నచూపునకు గురియైన తమ పాటకు గౌరవము దక్కినది. ఇది మా వాదమునకు కొంత అడ్డు వచ్చు ఉదాహరణమని మేమును ఎరుగుదుము. అయితే అక్కడ జనము ముందుగా పండుగను నిలుపుకొన్నారు. ప్రభుత్వము దానిని గుర్తించినది. పత్రము కోరునది లేని దినమును కల్పింపుమని.

ఇక పుష్కరములు. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించుటకు ఎవరి ఉత్తర్వును అక్కరలేదు. ఆ గడియకు లక్షల జనము గోదావరికి పోవుదురు. 2015 జూలై 14, పుష్కరముల తొలి ఉదయము. రాజమహేంద్రవరములోని పుష్కరఘట్టమున త్రొక్కిసలాటలో 27 మంది అసువులు బాసినారు. ముత్తైదువులు, ముదుసలులు, తలమీద నీళ్లు చల్లుకొనుటకు వచ్చినవారు. ఆ పర్వమునకు అధికారిక గుర్తింపు తక్కువైనదా? ప్రకటనలు, తోరణములు ఊరంత ఉన్నవి. తక్కువైనది నడుచుటకు త్రోవ. తిరిగి 2027లో గోదావరి పుష్కరములు రావలసి ఉన్నవి. ప్రభుత్వమును మనము గట్టిగా, బిగ్గరగా అడుగవలసినది ఏదైన ఉన్నచో అది ఆ త్రోవ.

ఇందుకే మేము ఆ పత్రముపై సంతకము చేయలేదు. చేసినవారు తమ సంతకములను కొట్టివేయవలసిన పని లేదు. పత్రము ఉన్నది ఉన్నట్లుగా సోమవారము టపాలో వెళ్లును. ధర్మకర్తలలో ఇద్దరు చేసినారు, ముగ్గురు చేయలేదు, ఆ సంగతి కవరింగు లేఖలో వ్రాయించినాము.

దాని ప్రక్కన నిన్నటినుండి రెండవ పత్రము ఒకటి ఉన్నది. అది ఢిల్లీకి కాదు, మన పురపాలక సంఘమునకు. ముక్కోటి ఏకాదశినాడు ఉత్తరద్వార దర్శనమునకు తెల్లవారుజామున మూడు గంటలకే వరుస మొదలగును. ఉత్తరపు వీధిలో దీపములు లేవు. మురుగుకాలువపై పలకలు సగము వరకే ఉన్నవి. గత సంవత్సరము చీకటిలో అడుగు తప్పి ఒక తల్లికి తుంటి ఎముక విరిగినది. ఆమె ఇప్పటికిని కర్ర పట్టుకొని నడుచుచున్నారు. దీపములు, పలకలు, వరుస పొడవున మూడు చోట్ల త్రాగునీటి కుళాయిలు, రెండు వైపుల బయటికి పోవు దారులు కావలెనని అందులో అడిగినాము. మొదటి సంతకము మాది. రెండవది ముందు వరుసలో కూర్చున్న పెద్దలది. తమ పత్రమును మాత్రము వెనుకకు తీసికొనమని వారు మాకు స్పష్టముగా చెప్పినారు. కలము కార్యాలయములో బల్లకు దారముతో కట్టి ఉన్నది. ప్రసాదము తీసికొనిన పిదప వెళ్లవచ్చును.

వచ్చే ఏకాదశికి దూర్వాస మహర్షిని బ్రహ్మలోకము వరకు చేర్చుదము.